పన్నెండు ఆదివారాలు

హడర్స్‌ఫీల్డ్‌లో బస్సు నడుపుతాను.
ధర ఏదైనా నాకు పౌండ్లలో తలకెక్కదు,
ఆదివారాల్లో ఎక్కుతుంది.
ఓవర్‌టైం ఆదివారం ఒకటంటే పన్ను పోగా నూట ఇరవై.
గోడకి వేలాడే ఎర్ర గిటారు పన్నెండు ఆదివారాలు.
దాని పక్కనే అదే నడుము, అదే ఎరుపు,
కాస్త మందంగా పూసిన ఎరుపు,
రెండు ఆదివారాల లోపే.

పన్నెండూ ఆ రోజు నా బ్యాగులోనే ఉన్నాయి.
ఇది ముందే చెప్పేయాలి,
అందని ద్రాక్షపళ్ళ కథ అనుకుంటారేమోనని.

షాపాయన హెప్‌వర్త్. నుదుటి మీద ఒక కళ్ళజోడు,
ముక్కు మీద ఇంకొకటి.
నలభై ఏడేళ్ళకి ఇదేం సరదా అని అడగలేదు.
డిపో క్యాంటీన్‌లో ఎవరో మర్చిపోయిన గిటారు మీద
నేను నేర్చుకున్న ఒకే ఒక్క వరసని
రెండుసార్లు చూపించుకుని,
"అటు తిరిగి గోడ చూడు" అన్నాడు.

గోడ మీద పాత క్యాలెండరు, దాని కింద చెమ్మ మరక.
వెనకాల ఒకటి మోగింది. తర్వాత ఇంకొకటి.
మళ్ళీ మొదటిదో, రెండోదో.

తేడా లేదంటే అబద్ధం.
ఒకదాని సన్న తీగ
వాయించడం ఆపాక కూడా కాసేపు గదిలోనే ఉంది,
వెళ్ళొస్తానని లేచి గుమ్మంలో నిలబడి
ఇంకో గంట మాట్లాడే చుట్టంలా.
రెండోది చెప్పగానే వెళ్ళిపోయింది.
అంతే.
ఆ గుమ్మం దగ్గరి కబుర్లకి పది ఆదివారాలు.

ఇటు తిరిగి రెండింటినీ ఒళ్ళో పెట్టుకు చూశాను.
చవకదాని మెడ అంచున మెట్ల కొసలు
చేపముళ్ళలా వేలిని గీరాయి.
బిరడాలూ కొంచెం వదులే.
"ముప్ఫై ఐదు పౌండ్లు, అరగంట" అంటూ
ఆకురాయి తీశాడాయన.
నాలుగు స్క్రూలు తిప్పి మెడ ఊడదీస్తే
లోపల రంగు తగలని పచ్చి చెక్క మీద
పెన్సిల్‌తో ఒక అంకె, పక్కన చిన్న టిక్కు.

ఇండోనేషియాలో ఎవరో దీన్ని చూసి,
సరే అనుకుని,
తర్వాతదాన్ని అందుకున్నారు.
షిఫ్టు ఎక్కేముందు నేనూ పెడతాను అలాంటివే.
బ్రేకులు. తలుపులు. అద్దాలు.
ఆ కాగితం ఎవరూ చదవరు,
అయినా అద్దం తుడిచాకే టిక్కు.

ఖరీదైనదాని మెడ కూడా విప్పి చూపించమన్నాను.
"వారంటీ పోతుంది" అని నవ్వాడు.
"రేపు అమ్ముకోవాలంటే మాత్రం దాని పేరే పలుకుతుంది."
అమ్మడానికి కొనట్లేదన్నాను.
ఇదేనని వేలు చూపించేసరికి
ఒక్క క్షణం ఆయన మొహం కూడా లెక్కేసుకుంది,
తర్వాత తీగల సెట్టొకటి ఊరికే సంచిలో పడేశాడు.

ఇంటికి వెళ్ళే బస్సులో డ్రైవరు మా ఇంతియాజే.
"ఎంత పోశావు?"
"రెండు ఆదివారాలు."
"మరి మిగతావి?"
లాక్‌వుడ్ దగ్గర పచ్చలైటు పడింది,
జవాబు తప్పింది.

వచ్చే వారం రోస్టర్‌లో నా పేరు ఎదురుగా ఖాళీ.
ఆ పై వారం కూడా.
పొద్దున పదింటికి, కెటిల్ ఇంకా గునుస్తుండగానే,
ఒళ్ళోకి తీసుకుంటాను.
రెండో తీగ శ్రుతి దిగిపోయి ఉంటుంది, తెలుసు.
బిగిస్తాను. దిగుతుంది. బిగిస్తాను.
పక్కింటి మోరీన్ గోడ మీద రెండు దెబ్బలు వేస్తుంది,
లయలోనే.

మూడు స్వరాలు. మూడోది గదిలో నిలవదు.
చెప్పగానే వెళ్ళిపోయే రకం కదా ఇది,
మళ్ళీ పిలుస్తాను.