గురక ఆగినప్పుడు

రుమైథియాలో మామా పడకగదిలో
పొద్దున్నే నేను కడిగేది ఒక ముసుగు.
ముక్కు మీద పెట్టుకునే రబ్బరు ముసుగు.
గోరువెచ్చని నీళ్లు, రవ్వంత సబ్బు,
నీడన ఆరబెట్టాల, ఎండకు కాదు.
ఆ మిషన్ పేరు నాకు నోరు తిరగదు,
పని మాత్రం తెలుసు:
నిద్రలో మామా గొంతు మూసుకపోతే
గాలి పోయి తలుపు తీసి వస్తాది.

అది రాకముందు రెండేండ్లు
ఆమె మంచం పక్కన చాప మీద పడుకున్నా.
గురకకు కాదు నేను భయపడింది,
గురక ఆగినప్పుడు.

శుక్రవారం నాకు సెలవు.
బస్సెక్కి జిలీబు పోతా, ఓబులేసు గదికి.
ప్లైవుడ్ గోడకు అవతల రాజంపేటోళ్లు, ఇవతల మేము.
నీళ్ల ట్యాంకరు తోల్తాడు ఆయప్ప.
అన్నం తిని ఒరిగినాడో లేదో, మొదలైంది.
గోడవతల ఎవరో నవ్వినారు.
నేనూ నవ్వబోయినా.
ఆగింది.

వాహిద్, ఇత్‌నీన్, తలాతా...
మామా పక్కన నేర్చిన లెక్క అరబ్బీలోనే వచ్చింది.
పద్దెనిమిది కాడ
సెల్ఫు అందని బండి ఒక్కసారిగా అంటుకున్నట్టు
ఎగపీల్చి లేచి కూచున్నాడు.
"ఏమైందిమే?" అని
నన్నడిగినాడు.

దిండు ఎత్తితే మందుల అంగడి.
నడుం నొప్పికి ఎవరో డ్రైవరు ఇచ్చినవి,
నిద్ర పట్టేదానికి ఇంకెవరో ఇచ్చినవి,
ఊరినుంచి తెచ్చుకున్న బీపీ మాత్రలు,
పేరు చిరిగిపోయిన అట్టలో పచ్చవి నాలుగు.
"ఇది ఏసుకుంటే దున్నపోతు నిద్ర" అన్నాడు గొప్పగా.
పగలు స్టీరింగు మీద కునుకు యాడనుంచి వస్తాదంటే
పలకలేదు.

కువైట్‌లో నీళ్లకంటే పెట్రోలు చవకంటారు.
పెట్రోలుకంటే సలహా చవక.
మిరియాల పాలంది రాజంపేటామె.
సగం మాత్ర చాలన్నాడు మేస్త్రీ.
"మా బావ రెండేసుకుంటాడు, గుండ్రాయి లెక్క ఉన్నాడు"
అన్నాయన బావను చూసి ఆరేండ్లంట.

మామా మిషన్ చూసిపోయేదానికి
నెలకోసారి వస్తాడు ఈజిప్టు పిల్లోడు.
వంటింట్లో చాయ్ ఇచ్చి
వచ్చీరాని అరబ్బీలో అంతా చెప్పినా.
కప్పు కింద పెట్టినాడు.
"మిషన్ సంగతి అడుగు, చెప్తా.
మాత్రల సంగతి చెప్పే చదువు నాది కాదు.
డాక్టరు కాడికి పోండి,
ఒక్కటి కూడా దాచకుండా తీసకపోండి."

ఇన్ని నోళ్లలో
తెలీదన్న నోరు అదొక్కటే.
నాకు ధైర్యం వచ్చింది అక్కడే.

కూరగాయల సంచి నిండా మందులు,
పై జేబులో బతాకా,
మూడుసార్లు వెనక్కి తిరగబోయిన మొగుడు.
సూడాను డాక్టరమ్మ, పేరు హిబా,
సంచిని బల్ల మీద బోర్లించింది.
ఎవరిచ్చినారు? ఎన్నాళ్లనుంచి? దినామా?
తిట్టలేదు. రాసుకుంది.

నిద్రమాత్రను వేలితో పక్కకు జరిపి చెప్పింది:
"నీ గొంతు మూసుకపోతే
లెయ్, లెయ్ అని అరిచే కాపలావాడు ఒకడుంటాడు లోపల.
ఇది వాణ్ణి కూడా పడుకోబెడతాది."
నొప్పి మాత్రను దాని పక్కన పెట్టి
"ఇది ఊపిరినే మెల్లగా చేస్తాది. రెండూ కలిస్తే..."
ఆ మాట పూర్తి చెయ్యలేదు.
బీపీది ఆపొద్దంది.
రోజూ మింగేదాన్ని ఒక్క దెబ్బన మానొద్దు,
తగ్గించే లెక్క నేను రాసిస్తానంది.

పచ్చ మాత్రను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.
"ఇదేందో నాకూ తెలీదు."
ఫోను చేసి
కింద మందులిచ్చే ఆయన్ను పిలిపించింది.
మాత్ర మీది గీతలు చూసేదానికి ఇద్దరు చదువుకున్నోళ్లు
ఒకే కళ్లద్దాలు మార్చుకున్నారు.

నిద్ర పరీక్షకు నెలన్నర.
అందాకా ట్యాంకరు తోలొద్దంది.
ఓబులేసు కాగితాన్ని మడిచి, విప్పి, మడిచి
"జీతం?" అన్నాడు తెలుగులో.
ఆ మాటను నేను అరబ్బీలోకి మార్చలేదు.

మళ్లా శుక్రవారం.
పక్కకు తిరిగి పడుకున్నాడు, చెప్పినట్టే.
వీపు మీద చెయ్యి పెట్టుకోని
లెక్కపెడతాండా.
తొమ్మిది దాకా పోయింది ఒకసారి.
గోడవతల ఎవరూ నవ్వలేదు.
వాళ్లూ లెక్కపెడతాండారేమో.