తొడిమ

కొత్తపేటలో ఆ నర్సింగ్ హోమ్ ఎదుట
మందుల షాపు మెట్టు పక్కన
తపస్సుకాలం శనివారాలు మేం నిలబడతాం.
తొమ్మిదిమందిమి. ఒక్కోసారి ఏడుగురం.
సగానికి కోసిన నీళ్ల సీసాల్లో కొవ్వొత్తులు,
అయినా ఆరిపోతాయి.
శౌరీలు మాస్టారు అగ్గిపెట్టె జేబులోనే ఉంచుకుంటాడు.

ఫ్లెక్సీ మీద వేలు చీకుతున్న పసివాడు.
అరండల్‌పేట కుర్రాడు అక్షరాల్లో ఒక వత్తు మర్చిపోయాడు,
మళ్లీ వేయించడానికి మరియ సేన డబ్బు చాల్లేదు.
ఎదురు గోడ మీద వాళ్ల బోర్డు:
ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు.
రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటుంటాయి,
మధ్యలోంచి ఆటోలు పోతుంటాయి.

నా చేతులు మండుతుంటాయి.
పొద్దున ఎనిమిదింటి నుంచి కోల్డ్ స్టోరేజీ షెడ్డులో
మిరపకాయల తొడిమలు తీసిన చేతులు.
గోటితో ఇలా గిల్లితే
కాయ ఒక పక్క, తొడిమ ఒక పక్క.
ఎంత సబ్బు రుద్దినా పోని ఘాటు
జపమాల పూసలకి అంటుకుంటుంది.
పక్కన ఇన్నాసమ్మకి తుమ్ములు.
"స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే" (తుమ్ము)
"మీ గర్భఫలమగు"

అక్కడ నేనెప్పుడూ ఆగుతాను.
తొమ్మిది గొంతుల్లో ఒకటి
ఒక్క మాట మింగితే ఎవరికి తెలుస్తుంది?

ముప్ఫై ఒక్కేళ్ల కింద, మూడో నెల.
అప్పటికే ముగ్గురు. ఆయన కాలు విరిగి మంచంలో.
నన్నెవరూ బలవంతపెట్టలేదు.
పెట్టారని చెప్పుకుంటే తేలికే గానీ, లేదు.
పట్టీలు తాకట్టు పెట్టి
ఫిరంగిపురం దగ్గర నేనే బస్సెక్కాను.
తిరిగెళ్లేటప్పుడు బస్సులో సీటు దొరికింది.
బాగా గుర్తున్నది అదే.
సీటు దొరికినందుకు సంతోషించాను.

పాపసంకీర్తనంలో గురువు చాలాసేపు మాట్లాడలేదు.
కుర్రగురువు, గొంతు సవరించుకుని
మూడు జపమాలలు చెప్పుకోమన్నాడు.
చెప్పాను. ఈపాటికి వేలు చెప్పి ఉంటాను.
లెక్క సరిపోయిందని ఎవరు చెప్పాలి?

మొన్న శనివారం
దుఃఖ దేవరహస్యాల్లో నాలుగోది నడుస్తుండగా
గాజు తలుపు తోసుకుని కోటేశ్వరి వచ్చింది.
మా షెడ్డు పిల్లే. నాకు రెండింతలు తీస్తుంది తొడిమలు.
ఒక్కతే. చెప్పులు చేత్తో పట్టుకుంది, ఎందుకో.
నన్ను చూసింది. కొవ్వొత్తిని చూసింది.
తర్వాత ఆ వేలు చీకేవాణ్ణి.

నా చేతిలో కరపత్రం ఉంది.
ఏం చెయ్యాలో మాకు నేర్పారు కూడా.
జపమాల జాకెట్లో దోపుకుని రోడ్డు దాటాను.
"పొద్దుణ్ణించి ఏవన్నా తిన్నావే?"
"తిననివ్వలా."
బడ్డీకొట్టులో బన్ను, టీ.
సగం తిని, మిగతా సగం చేతిలోనే నలుపుతూ
"నువ్వు ఆళ్లతోనా అక్కా?" అంది.
ఔనన్నాను.
"నాక్కూడా చెప్పారా ప్రార్థన?"
"లోపలికి పోయినోళ్లందరికీ చెప్తాం."
పోయినోళ్లు అన్నాక
ఆ మాట నా నాలిక మీదే మండింది.

నవ్వలేదు, ఏడవలేదు.
నా వేళ్లు తీసుకుని వాసన చూసింది.
"ఇయ్యాల ఎన్ని కిలోలు?"
"పదకొండు."
"నేను రాలేదు గదా, బల్ల ఖాళీ" అంది,
ఆటో ఎక్కి, చెప్పులు అప్పుడు తొడుక్కుంది.

నేను తిరిగొచ్చేసరికి నా సీసాలో దీపం లేదు.
మాస్టారు పుల్ల గీశాడు, ఏమీ అడగలేదు.
ఇన్నాసమ్మ అడిగింది,
ఎక్కడిదాకా వచ్చామో తెలుసా అని.
తెలుసన్నాను.

ఈ శనివారమూ వెళ్తాను.
మందుల షాపు మెట్టు దగ్గర కాదు,
ఇవతల, బడ్డీకొట్టు పక్కన నిలబడతాను.
దూరంగా ఉంటే నీకు తుమ్ములు తగ్గుతాయని
ఇన్నాసమ్మకి చెప్పాను.