గంట తాడు

మా నాన్న బెల్మీరు చర్చి గంటలు బాగుచేసేవాడు.
ఒక వ్యాను, రెండు నిచ్చెనలు, గ్రీజు డబ్బా,
బడి మానేసి వెనక కూర్చున్న నేను.
ఎన్నికల రాత్రి టీవీ ఇంకా వేడెక్కకముందే
ఏ ఊరు ఎటు ఒరిగిందో చెప్పేసేవాడు.
తాడు కొస చూశాను కదే, అనేవాడు.

ఉత్తరాన, మీన్యు కొండల్లో,
తాడు కొస నాగలి మేడిలా నున్నగా, నల్లగా.
నాలుగు తరాల అరచేతుల చెమట తాగిన జనపనార.
అరెకరం ద్రాక్షపందిరి, రెండావులు, ఒక రాతిగోడ,
గోడకవతల సొంత అన్న; ఇరవయ్యేళ్లుగా మాటల్లేవు.
ఆదివారం మాత్రం ఒకే బల్లకి మోకాళ్లు ఆన్చేవాళ్లు.

అక్కడ తాళాలు జుల్మీర దగ్గరుండేవి.
క్యాబేజీ పులుసు పోస్తూ గొంతు తగ్గించి అడిగింది:
"ఎర్రజెండా వాళ్లొస్తే గంట కరిగించి గిన్నెలు పోస్తారట, నిజమేనా?"
నాన్న చెంచా దించకుండానే
"ఈ కంచుతో గిన్నెలు రావమ్మా, పెళుసు" అన్నాడు.
ఆమె ఊపిరి పీల్చుకుంది.

తేజు నది దాటగానే ఆకాశం వెడల్పు.
బెరడు ఒలిచిన ఓక్ చెట్లు,
మోకాళ్లు దోక్కుపోయిన పిల్లల్లా ఎర్రగా.
కనుచూపు మేర గోధుమ, అంతా ఒకప్పుడు ఒక్క దొరదే.
అలెంతేజులో తాడు పట్టుకుంటే
పిడికిట్లో పొడి మిగిలేది, చిమ్మటలు తినగా మిగిలింది.
గంట మీద కొంగలు కాపురం పెట్టి
మమ్మల్ని అద్దెకొచ్చిన వాళ్లని చూసినట్టు చూసేవి.

కుశ్తోద్య అనే ముసలమ్మ నిచ్చెన పట్టుకుంది.
లోపలికి మాత్రం రాలేదు, గడప దగ్గరే.
"ముందు వరసలో దొరకి మెత్తటి దిండు.
మేం తలుపు దగ్గర, టోపీలు చేతుల్లో.
కోతల్లో కూలి పెంచమని అడిగాం.
ఆ ఆదివారం ఫాదరు ఓర్పు గురించి గంటన్నర చెప్పాడు.
మళ్లీ రాలేదు."
ఎన్నేళ్లయిందని అడిగాను.
"నేనప్పటికి పుట్టలేదు" అంది.

ఆస్తి లేని వాళ్లకి అలకే ఆస్తి,
ఎంతమంది పంచుకున్నా తరగదు.
ఉత్తరాన చెమట ఆరని తాడూ అలాంటిదేనా?
నమ్మకమా, తాతగారి నమ్మకం మీద నమ్మకమా?
అడిగితే నాన్న రెంచి ఇమ్మన్నాడు.

ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఇప్పుడు తాళ్లు లేవు,
గోడకి ఒక పెట్టె, మోటారు, చిన్న సుత్తి.
చదవడానికి నాకేం మిగల్లేదు.
జుల్మీర మనవరాలు పాటల పుస్తకంలో
ఎవరి కరపత్రం దాచిందో చూశాను, చెప్పను.
కుశ్తోద్య మనవడు, బాప్తిస్మం నీళ్లు తాకని వాడు,
కారద్దానికి జపమాల వేలాడదీసి
కొత్తగా కేకలేస్తున్న పార్టీకి ఓటేశానన్నాడు.
దేవుడున్నాడా అంటే భుజాలెగరేశాడు.
"ఎవరికో ఒకరికి మండాలి కదా."

నాన్నా, నీ తాడు ఇక్కడ తెగింది.

నిరుడు మార్చిలో ఆ దక్షిణపు ఊరికే పిలిచారు.
డబ్బిచ్చింది చర్చి కాదు, ఎర్రజెండా వాళ్ల పంచాయతీ.
పూజ వేళలు వద్దు, టైము కొడితే చాలన్నాడు గుమాస్తా,
బస్సు తప్పిపోతోందట జనానికి.
బిగించి, పరీక్షకని ఒక్కసారి మోగించాను.
కొంగలు లేచిపోయాయి.

ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకోటి.
చేతులు తుడుచుకుంటూ, చెప్పులేసుకుంటూ
పదకొండు మంది చౌరస్తాలోకి వచ్చి పైకి చూశారు.
"ఎవరు పోయారు?"
ఎవరూ కాదు, ఊరికే మోగించానని అరిచాను.
విన్నారు. అయినా తీసిన టోపీలు మళ్లీ పెట్టుకోకుండా
ఆ మోత పూర్తిగా అణిగేదాకా
అలాగే నిలబడ్డారు.