గచ్చు కింద

అడుగుకు ఇరవై రెండు రూపాయలు.
మట్టి ఎత్తిపోసే కూలి వేరే.
తలుపులు, కిటికీలు, ఇనుము మాకే.
ఎవరి ఇల్లైనా ఈ మాటతోనే మొదలుపెడతాం.

కర్నూలు పాతబస్తీలో ఆ సందు సన్నం.
జేసీబీ మలుపులోనే ఆగిపోయి
వెనక్కి పోతా పోతా ఎవరిదో మోరీ బండ పగలగొట్టింది.
మిగిలింది నేను, మద్దిలేటి, బాడిగకు తెచ్చిన బ్రేకరు,
మా నాయన వదిలిపోయిన సమ్మెట.
ఒడ్డెరోళ్లం. రాయి తాను ఎక్కడ పగలాలనుకుంటాదో
ముందే మనకు చెప్తాదిరా అనేవాడు ఆయన.
కాంక్రీటు ఏమీ చెప్పదు.

గోడలు రెండు దినాల్లో పడినాయి.
తెల్ల సున్నం కింద పచ్చ, పచ్చ కింద నీలం,
నీలం మీద నా ఛాతీ ఎత్తున ఒక మట్టి గీత,
ఎవరో దారం పట్టి కొట్టినంత తిన్నగా.
దాన్ని చూసి కర్నూల్లో ఎవరూ ఏమీ అడగరు.

గచ్చు దగ్గర చిక్కొచ్చింది.
మూడంగుళాలని లెక్కేసుకుంటే ఏడు తేలింది.
"ఇంట్లో లారీలు తిప్పినారా అత్తా?" అన్నాడు మద్దిలేటి.
హాజిరా బీ ఎదురింటి అరుగు మీద
వెల్లుల్లి పొట్టు తీస్తా ఉంది.
దుమ్ము పడతాది, లోపలికి పో అంటే పోదు.
జవాబూ చెప్పలేదు.

రాత్రి అన్నం ముద్ద నోటి దాకా వచ్చి వణికేది.
టీ గ్లాసు పళ్లకు తగిలి టకటకమంటే
"నాయనా, స్విచ్చి ఆపు" అని నా కూతురు నవ్వేది.

నాలుగో దినం బ్రేకరు ములికి
పిడి దాకా దిగిపోయింది, అడుగే లేనట్టు.
వాసన ముందొచ్చింది.
మా కంటే ముందు ఆమెకు తెలిసింది.
గిన్నె పక్కన పెట్టి లేచింది.

పెళ్ల ఎత్తితే నల్లటి ఒండ్రు,
జానెడు మందాన, ఇంకా తడిగా,
వచ్చిన తుంగభద్ర తిరిగిపోవడం మరిచినట్టు.

"మూడు దినాలు తట్టలతో ఎత్తినాం బేటా.
నాలుగో దినం మా ఆయన కూలబడినాడు.
ఏటిని ఇంట్లోంచి ఎవరు తోడగలరు,
పైన మూత పెట్టేద్దాం అన్నాడు.
దొరికిన సిమెంటంతా పోసినాం."

పార కింద ఏదో కరకరమంది.
తుప్పు పట్టి పొడైన డబ్బా. దాన్నిండా బొత్తాలు.
చొక్కావి, నాలుగు కన్నాలవి, షేర్వాణీకి వేసే ఇత్తడివి,
చిన్నపిల్లల గౌన్లకు కుట్టే ఎర్ర పూలవి.
దర్జీ ఖాసిం సాబ్ ఆ డబ్బా కోసం
హంద్రీ దాకా మోరీలన్నీ వెతికినాడంట.
పోయేదాకా ఆ మూలనే, సరిగ్గా దాని పైనే,
మిషను వేసుకోని కుట్టినాడంట.

ఆమె ఏడవలేదు. ఒక్కో బొత్తాం కొంగుకు తుడిచి
వెల్లుల్లి గిన్నెలో వేసుకుంది.
తర్వాత నన్ను చూసి,
"మట్టి కూలి వేరే అన్నావు గదా, ఎంత?" అంది.
అడుగుకు, ట్రిప్పుకు, లోడుకు
గడగడ ధరలు చెప్పే నా నోరు
అప్పుడు పని చెయ్యలేదు.

సాయంత్రానికి ఎత్తే పనే లేకపోయింది.
సందులోని ఆడోళ్లు బకెట్లు, పగిలిన కుండీలు,
పెయింటు డబ్బాలు తెచ్చి
కరివేపాకుకని, గోరింటకని, మల్లెకని
ఏటిని ఇంటింటికీ పంచుకపోయినారు.

గచ్చు పెళ్లలు మటుకు ఎవరికీ అక్కర్లేదు.
ట్రాక్టరుకెత్తి, పొద్దుగూకినాక,
అందరూ పోసే చోటనే పోసొచ్చినాం,
హంద్రీ ఒడ్డున, నీళ్ల దారికి అడ్డంగా.