కాళ్ళు లేని కుందేలు

ఎవరు పట్టిన కుందేలుకి వాళ్ళు
మూడే కాళ్ళంటారు కదా,
నేను నడిపే కుందేలుకి ఆ మూడూ లేవు.
ఇనుప పట్టా మీద చిన్న బండి,
బండి మీద పాత మేజోడులో కుక్కిన గుడ్డపేలికలు,
రెండు ప్లాస్టిక్ చెవులు.
పోయిన చలికాలం ఒక చెవి ఊడింది.
ఎవరూ గమనించలేదు, కుక్కలతో సహా.

శనివారం రాత్రి ఏడున్నర.
కుమ్ హెలిగ్ లోయలో వాన లేని శనివారం
నాకైతే గుర్తులేదు.
మూతపడ్డ బొగ్గుగని పక్కనే రేస్ ట్రాక్.
నిచ్చెనెక్కి గాజు గూట్లో కూర్చుంటాను,
చేతి కింద ఒక లివర్.
ముందున్న కుక్కకీ గుడ్డకీ మధ్య పది గజాలు.
ఎక్కువైతే కుక్క ఆశ వదిలేస్తుంది,
తక్కువైతే అందుకుంటుంది.
ఆశ చావకుండా, తీరకుండా
ఇరవై రెండేళ్ళుగా
నా జీతమంతా ఆ పది గజాలకే.

గేటు బయట ముగ్గురు.
మొదట్లో పదకొండు మంది ఉండేవాళ్ళు,
మోకాళ్ళ నొప్పులూ, మనవలూ, జలుబులూ పోగా
ముగ్గురు మిగిలారు.
బస్సు డ్రైవరుగా రిటైరైన హెవిన్, ఫ్లాస్కుతో.
నెస్టా అనే పిల్ల, పక్కన ఉన్ని స్వెట్టర్ తొడిగిన కుక్క.
ఇంకొకరు ఎలినెడ్ టీచర్,
నాకు ఏడో ఎక్కం వచ్చేదాకా ఇంటికి పంపనావిడ.
వాళ్ళు అరవరు.
ప్లకార్డు మీద అక్షరాలు ఎప్పుడో కారిపోయాయి.
టీచర్ ఒక నోటుబుక్కు తీసి
ఈ ట్రాక్ మీద పరిగెత్తి, ఇప్పుడు లేని కుక్కల పేర్లు
హాజరు పిలిచినట్టు పిలుస్తుంది.
సిల్వర్ థిసిల్.
బటర్‌మిల్క్ లేడీ.
తాతగారి పెన్షన్.
ఒక్కో పేరు తర్వాత ఆగుతుంది, జవాబు కోసం.
జీపు కిటికీ ఎత్తేసుకుని దాటిపోతూ
ఎన్నిసార్లు నా గొంతులోకి వచ్చిందో
"ఉన్నాను టీచర్" అని.

"గని పోయింది, ఇదీ పోతే ఏం తింటారు?"
మేనేజర్ గెథిన్ అడిగితే
హెవిన్ ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉండిపోయాడు.
నిజానికి నా దగ్గరా లేదు జవాబు.

స్వెట్టర్ కుక్క పేరు ఇప్పుడు బిస్కెట్.
అప్పట్లో ఆరో నంబరు, చారల కోటు.
మొదటి మలుపులో నాలుగోదాన్ని రాసుకుని పడింది.
పచ్చ టార్పాలిన్ అడ్డం పట్టారు జనం చూడకుండా.
పైనుంచి చూసేవాడికి టార్పాలిన్ అడ్డం కాదు.
అయినా పందెం పూర్తి కావాలి కదా,
నేను కుందేలును ఆపలేదు.
దానికి మూడు కాళ్ళు మిగిలాయి.

పోయిన శనివారం ఎనిమిదో రేసు.
ఏమైందో చెప్పలేను.
లివర్ బిగుసుకుపోయిందని రిపోర్టులో రాశాను.
పది గజాలు ఐదయ్యాయి, రెండయ్యాయి,
నల్ల కోటు కుక్క గుడ్డని నోట కరిచింది.
మేజోడు చిరిగి పేలికలు బయటికొచ్చాయి.
కరిచి, వదిలి,
తలెత్తి నాలుగు వైపులా చూసింది.
మిగతా ఐదూ వచ్చి వాసన చూశాయి.
ఒకటి బురదలోనే కూలబడి
కాలు నాక్కోవడం మొదలుపెట్టింది.
జనం ఈలలు, బూతులు, బీరు గ్లాసులు.
పది గజాల అవతల ఏముందో
అంతకు ముందు ఏ కుక్కా చూడలేదు.
ఇరవై రెండేళ్ళలో నేనూ చూడలేదు.

ఆ రాత్రి జీపు స్టార్ట్ కాలేదు.
నడిచి గేటు దాటాను.
బిస్కెట్ కుంటుకుంటూ వచ్చి
నా కుడిచేతిని వాసన చూసింది,
గ్రీజు కంపు, చాలాసేపు.
తోక ఊపలేదు.
అలాగని వెనక్కీ పోలేదు.

టీచర్ నోటుబుక్కు సంచిలో పెట్టుకుంటోంది.
లివర్ గురించి అడుగుతుందేమోనని
చిన్నప్పటిలా చేతులు వెనక్కి కట్టుకున్నాను.
"వచ్చేవారం కూడా వానే అంటున్నారు," అంది,
"గొడుగు తెచ్చుకో."