మూడో మాట

పొందూరులో, నేత వీధి చివరి అరుగు మీద
కాగితాల కట్ట విప్పాను.
ముప్పై మార్కుల పరీక్ష.
ఎదురుగా తవిటమ్మ, డెబ్బై తొమ్మిదేళ్లు,
చేతిలో వాలుగ చేప దవడ, ఒళ్లో కొండపత్తి.
"పని ఆపాలేటి గుంటా?"
అక్కర్లేదన్నాను.
ఆపమనే ఉంది కాగితంలో.

మూడు మాటలు చెబుతా, కాసేపాగి అడుగుతా:
గొడుగు. దబ్బపండు. రైలు.
కళ్లు మూసుకుని
అమ్మవారి పేర్లు తలచుకున్నట్టు
మూడుసార్లు అప్పజెప్పింది.

ఇది ఏ జిల్లా?
"నాను పుట్టినప్పుడు ఇశాపట్నం జిల్లా.
తరవాత సీకాకులం అన్నారు.
నానెక్కడికీ ఎల్నేదు, జిల్లాయే ఎల్లిపోనాది."
ఒక మార్కు.
రెండోది ఇద్దామంటే గడి లేదు.

ఇవాళ తేదీ?
"దశిమి. రాత్రికి ఏకాసి తగుల్తాది."
ఆశా దాలమ్మ ఫోన్లో వెతికి చూసింది. నిజమే.
కాగితానికి తిథులు రావు.
సున్నా వేశాను,
పక్కవాడు చూడకుండా బడిపిల్లలు పెట్టుకునేలా
చేయి అడ్డం పెట్టుకుని.

వందలోంచి ఏడు తీసేస్తే?
"తొంబై మూడు. ఎవులికిచ్చినావు?"
అందులోంచి ఇంకో ఏడు?
"ఎనబై ఆరు. మల్లీ ఆడికేనా?"
దాలమ్మ నవ్వింది, నేనూ నవ్వాను.
ఐదుసార్లూ తప్పు లేదు,
ఐదుసార్లూ ఆ అప్పులవాణ్ణి తిట్టింది.

గడియారం బొమ్మ వెయ్యి, పదకొండూ పది చూపించు.
పెన్సిలు పట్టడం అదే మొదలు.
గుండ్రం మాత్రం
కంపాసు పెట్టినా అంత బాగా రాదు.
లోపల అంకెలకు బదులు ఆకులు గీసింది:
రాట్నం చక్రం.
ముల్లేదీ అంటే
పక్కనే ఒక కదురు నిలబెట్టింది.

ఇవన్నీ కాగితం తప్పులే అనుకున్నాను.
అలా అనుకోవడం హాయిగా ఉంది.

అప్పుడు అడిగాను
ఇందాకటి మూడు మాటలు.
"గొడుగు."
ఆగింది. దవడ ఎముక ఆగింది.
"దబ్బపండు."
మూడోది?
తెగిన పోగుకి దూది ఆనించి తిప్పినట్టు
బొటనవేలు, చూపుడువేలు
ఖాళీ గాలిలో కాసేపు తిరిగాయి.
అతుకు పడలేదు.
చిన్న ఆసరా ఇవ్వొచ్చు, మార్కు ఉండదు.
అది కూత పెడుతుందమ్మా, అన్నాను.
"మా మావగోరా?"

సరిగ్గా అప్పుడే
ఊరవతల నుంచి నిజంగానే కూత.
అరుగు కింద నేల సన్నగా వణికింది.
తవిటమ్మ తల ఎత్తలేదు.
"పలాస పేసింజరు. ఇయ్యాల లేటు" అంది.
తర్వాత నావైపు చూసి, మెల్లగా,
"ఆ మూడోదే గేపకం రాలేదు తల్లీ."

కలం ఎక్కడ పెట్టాలో
నాకు తెలియలేదు.

గుమ్మం దాటాక దాలమ్మ చెప్పింది:
సంగంలో నూలు అప్పజెప్పి, కూలి తీసుకుని,
సందు తిరిగి మళ్లీ కూలికి వచ్చిందట.
పుస్తకంలో వేలిముద్ర చూపిస్తే
ఈ ఏలు నాది కాదందట.
కూర్లో ఉప్పు సంగతి
ఇంట్లో వాళ్లు చెప్పుకోరు.

వెనక్కి వెళ్లి చీటీ రాశాను,
శ్రీకాకుళం పెద్దాసుపత్రికి.
"ఇది పిచ్చేటి?"
కాదమ్మా. మరుపు కొంచెం ఎక్కువైంది, అంతే.
చాలామందికి ఇక్కడితో ఆగిపోతుంది.
కొందరికి తిరిగి సర్దుకుంటుంది కూడా.
మూడోరకం వాళ్ల గురించి అడుగుతుందేమోనని
బ్యాగు జిప్పు గట్టిగా లాగాను.
అడగలేదు.
"మల్లీ ఎప్పుడొస్తావు?"
ఆరు నెలలకి.
"అప్పుడు మాటలు మార్చకేం?"
మార్చాలి. రూలు.
తల ఊపాను, ఎటువైపో నాకే తెలియకుండా.

రైలు అని చెప్పేశాను అప్పుడు, చెవిలో.
"ఓలమ్మ, రైలే కదేటి!"
ఎంత సంబరపడిందో.
కొంగు చివర లాక్కుని
గట్టిగా ఒక ముడి వేసుకుంది.

నా డైరీలో రాసుకున్నాను:
ఆ ముడి ఎందుకో
ఆమెను అడగాలి.