సూది తిరిగేంత

నలభయ్యొకటో చిత్తు కూడా నూత్సా
చెత్తబుట్టలో వెయ్యలేదు, కిటికీ సందులో దోపింది,
ఈదరగాలికి అడ్డంగా ఉంటుందని.

త్బిలిసిలో ఫిబ్రవరి. అయిదో అంతస్తు.
లిఫ్టుకి నాణెం వెయ్యాలి, అందుకే
మన దగ్గరికి ఆలోచనలు మెట్లెక్కి వస్తాయంటాడు ఓతార్,
ఆయాసపడుతూ, ఆలస్యంగా.

పనేమో పిసరంత:
బూట్లు బాగుచేసే గివి దుకాణానికి బోర్డు.
ఆరే అక్షరాలు.
పదహారు రోజులుగా తెర మీద
వాటి నడుములు సన్నం చేస్తున్నాం, మళ్లీ లావు చేస్తున్నాం.

మొన్న పంపిన నమూనా
ఇవాళ తిరిగొచ్చింది, తోలుముక్క మీద.
మైనం పట్టించిన దారంతో
మా అక్షరాలన్నీ కుట్టి చూశాడు ముసలాయన.
మూడోదాని మెలిక దగ్గర తోలు చిరిగింది.
పక్కనే పెన్సిలు రాత:
"ఇంత ఇరుకులో సూది తిరగదు."

ఎవరం మాట్లాడలేదు.
కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయింది.
నూత్సా మౌసు వదిలేసి
బొటనవేలితో ఆ చిరుగుని
చాలాసేపు చదివింది.

సాయంత్రానికి ఆరూ వచ్చాయి,
సూది తిరిగేంత గుండ్రంగా.

బిల్లింకా రాయలేదు.
నీళ్లు కారే బూట్లు సంచిలో వేసుకుని
ఓతార్ మెట్లు దిగుతున్నాడు,
నా జత కూడా పట్టుకుని.